నిప్పు పుట్టించిన దీవిలో నాలుగు రోజులు

కోనసీమ పిల్లలకు ఒక చిక్కు ఉన్నది. తోటలో మామిడికాయ కొడదామని రాయికోసం వెతికితే రాయి దొరకదు. చేతికి వచ్చేది మట్టిబెడ్డే! కాయకు తగిలేలోగా అది పొడి అయిపోతుంది. ఎందుకంటారా? కోనసీమ నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. గౌతమికీ వసిష్ఠకూ నడుమ వేల ఏళ్ళపాటు నది మోసుకువచ్చిన మట్టి మీదనే మన కొబ్బరితోటలు, వరిచేలు, ఊళ్ళు ఉన్నాయి. నీళ్ళు కట్టిన సీమ మనది.

ఈ సెలవులలో మిమ్మల్ని దీనికి పూర్తిగా వేరైన చోటికి తీసుకుపోతాను. దాన్ని కట్టినది నీరు కాదు, నిప్పు! అక్కడ గడ్డపార దించితే రాయి ఖంగుమంటుంది. అది హిందూ మహాసముద్రంలో ఉన్న మారిషస్ దీవి.

మీది రాజోలు అనుకుందాం. మీరు, చెల్లాయి, అమ్మ, నాన్న, మామ్మ కలిసి మే నెలలో నాలుగు రోజులు తిరిగి రావడానికి బయలుదేరారు. ఇక పదండి.

ప్రయాణం

ముంబయి చేరి అక్కడ విమానం ఎక్కితే మారిషస్ దాదాపు ఆరు గంటల దూరం. దారిలో భూమధ్యరేఖ దాటుతాము. కిటికీలోంచి ఎంత చూసినా ఆ రేఖ కనబడదు లెండి! కాని దాటిన సంగతి దిగాక తెలుస్తుంది. దిగగానే నాన్న చేతిగడియారాన్ని గంటన్నర వెనక్కు తిప్పుతారు. మన ఊళ్ళో మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. నీడ పాదాల కిందనే ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నమైనా సూర్యుడు ఉత్తరం వైపుకు వాలి ఉంటాడు. మీ నీడ దక్షిణానికి పడుతుంది. మనకు ఎండలు మండుతూంటే వీళ్ళకు చలికాలం దగ్గరపడుతున్నది.

దిగబోయేముందు పైనుంచి దీవిని చూడండి. నడుమ నల్లని కొండలు, వాటి చుట్టూ పచ్చని చెరుకుతోటలు, ఆ తరువాత లేతనీలపు నీళ్ళు, ఆ నీళ్ళ అంచున తెల్లటి నురుగు గీత. ఆ గీత దగ్గర పగడపు గట్టు ఉన్నది. పగడపు పురుగులనే చిన్న ప్రాణులు సున్నపురాయిని పోగుచేసి ఎంతో కాలానికి కట్టిన గోడ అది. పెద్ద కెరటాలు ఆ గోడకు కొట్టుకుని విరిగిపోతాయి. అందుకే లోపలి నీళ్ళు చెరువులాగా నిదానంగా ఉంటాయి.

ఇంత కథ ఉన్న ఈ దేశం ఎంత పెద్దదనుకున్నారు? మొత్తం విస్తీర్ణం 2,040 చదరపు కిలోమీటర్లు. జనం పన్నెండు లక్షల పైచిలుకు. అంతే!

మొదటి రోజు: పదహారు మెట్లు

రాజధాని పోర్ట్ లూయీ. ఊరి వెనక రంపపు పళ్ళలాగా నల్లని కొండలు నిలబడి ఉంటాయి. అవి మొదటి అగ్నిపర్వతం కూలిపోగా మిగిలిన అంచులు.

ఓడరేవు పక్కనే పాత రాతికట్టడం ఒకటి ఉన్నది. పేరు ఆప్రవాసీ ఘాట్. సముద్రం వైపునుంచి పైకి వచ్చే పదహారు రాతిమెట్లు ఉన్నాయి. వాటిని చూడగానే మామ్మ, "మన గోదారి రేవు మెట్లలాగే ఉన్నాయే!" అంటుంది.

మామ్మ మాటలో నిజం లేకపోలేదు. 1835లో ఈ దీవిలో బానిసత్వం రద్దయింది. చెరుకుతోటల దొరలకు పనివాళ్ళు కావలసి వచ్చారు. 1834 మొదలు 1920 దాకా ఇంచుమించు అయిదు లక్షలమంది భారతీయులను ఒప్పందపు కూలీలుగా ఓడల మీద ఇక్కడికి తెచ్చారు. వారిలో బీహారువాళ్ళు, తమిళులు, మరాఠీలు, తెలుగువాళ్ళు ఉన్నారు. తెలుగువాళ్ళలో చాలామంది ఓడ ఎక్కినది ఎక్కడో తెలుసా? కోరంగిలో! కోనసీమకు అవతలి ఒడ్డున, యానాం దాటగానే గౌతమి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి ఆ రోజుల్లో పేరుమోసిన రేవు. అందుకే ఇక్కడ తెలుగువాళ్ళకు 'కోరంగీలు' అనే పేరు పడిపోయింది.

"ఇల్లూ వాకిలీ వదిలి ఇంత దూరం ఎందుకు వచ్చారు?" అని చెల్లాయి అడుగుతుంది.

అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. కాటన్ దొర పని మొదలుపెట్టినది 1847లో. 1832–33 నాటి కరువు తెలుగు జిల్లాలను ఊడ్చిపెట్టింది. 1839 నవంబరులో పెనుతుఫాను వచ్చి కోరంగిని ముంచింది. కడుపు నిండని వాళ్ళకు, 'నెలకు అయిదు రూపాయలు, అయిదేళ్ళ ఒప్పందం' అన్న మాట పెద్ద ఆశగా కనిపించింది. తెరచాప ఓడలో వారాల తరబడి ప్రయాణం. దారిలో జబ్బుచేసి చనిపోయినవాళ్ళున్నారు. దిగినవాళ్ళు ఈ మెట్లెక్కి, పేరు రాయించుకుని, ఒక నంబరు పుచ్చుకుని తోటలకు పోయారు.

"మరి మళ్ళీ ఈ మెట్లు దిగి ఇంటికి పోయారా?" అంటుంది మామ్మ.

కొందరు తిరిగి వచ్చారు. చాలామంది ఇక్కడే ఉండిపోయారు. ఆ మెట్లను చూడకుండా దీవిలో మరేదీ చూడకూడదని మిమ్మల్ని ముందుగా ఇక్కడికే తెచ్చాను. 2006లో యునెస్కో వారు ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

రెండవ రోజు: చల్లారిన పొయ్యి

కారు పైకి పైకి ఎక్కి క్యూర్‌పీప్ అనే ఊరు చేరుతుంది. అక్కడ ట్రూ ఓ సెర్ఫ్ అనే గుంట ఉన్నది. ఆ పేరుకు 'దుప్పుల గుంట' అని అర్థం. అది మామూలు గుంట కాదు, అగ్నిపర్వతం నోరు! సముద్రమట్టానికి 605 మీటర్ల ఎత్తున, మూడు వందల మీటర్లకు పైగా వెడల్పున, పెద్ద మూకుడులాగా ఉంటుంది. లోపలంతా చెట్లు, అడుగున కొంచెం నీరు. అంచు చుట్టూ జనం హాయిగా షికారు చేస్తూ ఉంటారు.

చెల్లాయి నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇది మళ్ళీ మండుతుందా?" అంటుంది.

భయం లేదు. మారిషస్‌లో నిప్పులు కక్కడం వేల ఏళ్ళ కిందటే ఆగిపోయింది. మనుషులు ఈ దీవిలో కాలుపెట్టాక ఒక్కసారీ జరగలేదు. కాని నైరృతి దిక్కున సుమారు 200 కిలోమీటర్ల దూరంలో రీయూనియన్ అనే మరో దీవి ఉన్నది. అక్కడ పిటోన్ ద లా ఫూర్నేజ్ అనే అగ్నిపర్వతం ఇప్పటికీ తరచుగా మండుతూనే ఉంటుంది.

రెండూ పక్కపక్క దీవులే. ఒకటి చల్లారింది, ఒకటి మండుతున్నది. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే మీ ప్రయాణపు ఖర్చు దక్కినట్లే.

దీపం మీద ఒక కాగితం పట్టుకోండి. మసి మచ్చ పడుతుంది. కాగితాన్ని కొంచెం పక్కకు జరపండి. పాత మచ్చ చల్లారుతుంది, దాని పక్కన కొత్త మచ్చ పడుతుంది. ఇలా జరుపుకుంటూ పోతే మచ్చలు వరసగా ఏర్పడతాయి. దీపం మాత్రం కదలలేదు!

భూమి లోపల అలాంటి 'దీపం' ఒకటి ఉన్నదని శాస్త్రజ్ఞులు చెబుతారు. చాలా లోతునుంచి వేడి పైకి వచ్చి ఒకేచోట రాతిని కరిగిస్తూ ఉంటుంది. భూమి పైపొర పలకలు పలకలుగా ఉన్నది. ఆ పలకలు మన గోళ్ళు పెరిగినంత మెల్లగా కదులుతూ ఉంటాయి. పలక కదిలేకొద్దీ దీపం కొత్తచోట మచ్చ పెడుతుంది. మారిషస్ సుమారు 80 లక్షల సంవత్సరాల కిందటి మచ్చ. రీయూనియన్ సుమారు 20 లక్షల ఏళ్ళది. దీపం ఇప్పుడు దాని కిందనే ఉన్నది. అందుకే అది మండుతున్నది.

మరి మారిషస్‌కన్నా పాత మచ్చలు ఉండాలి గదా? ఉన్నాయి! పటంలో వేలు పెట్టి ఉత్తరంగా పోనివ్వండి. చాగోస్ దీవులు, మాల్దీవులు, లక్షదీవులు వరసగా వస్తాయి. అవన్నీ ఈ దీపపు గుర్తుల మీద పగడాలు కట్టినవే. ఇంకా పైకి పోతే వేలు ఎక్కడ ఆగుతుందో తెలుసా? మన దేశం మీద! ఆ సంగతి ఇంటికి వెళ్ళాక చెప్పుకుందాం. మరచిపోకండి.

సాయంత్రం గంగా తలావ్ చూస్తాము. అగ్నిపర్వతపు నోటిలో నీరు నిండి ఏర్పడిన సరస్సు అది. ఒకప్పుడు నిప్పు మరిగిన చోట ఇప్పుడు మహాశివరాత్రికి లక్షలాది జనం కాలినడకన వచ్చి అభిషేకానికి నీళ్ళు తీసుకుపోతారు. 1972లో గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. ఒడ్డున 33 మీటర్ల శివుడి విగ్రహం ఉన్నది. మామ్మ నీళ్ళు నెత్తిన చల్లుకుని, "నిప్పు కన్ను మూసుకున్న శివుడు!" అంటుంది.

మూడవ రోజు: రాళ్ళ గుట్టలు

ఇవాళ దక్షిణానికి పోతున్నాము. దారికి రెండువైపులా చెరుకు. తోటల నడుమ అక్కడక్కడా నల్లరాళ్ళ గుట్టలు. కొన్ని ఇంటంత ఎత్తున, మెట్లు మెట్లుగా పేర్చి ఉంటాయి. పాత కోటలేమో అనుకుంటారు. కాదు.

ఈ నేల అంతా చల్లారిన లావా. చెరుకు నాటాలంటే ముందు రాళ్ళు ఏరాలి. ఆ రోజుల్లో యంత్రాలు లేవు. కూలీలు వట్టి చేతులతో ఒక్కొక్క రాయే ఎత్తి, మోసి, గుట్టగా పేర్చారు. రాయి కంటపడని గోదావరి లంకల్లో పుట్టినవాళ్ళు కూడా అందులో ఉండే ఉంటారు. ఇలాంటి గుట్టను చూసినప్పుడు అది ఎన్ని చేతులు మోసినదో ఒక్కసారి తలుచుకోండి.

ఒక రాయి చేతిలోకి తీసుకుని చూడండి. నల్లగా, బరువుగా, ఒంటినిండా చిల్లులతో ఉన్నది. అట్టు పోసినప్పుడు పిండిలోని గాలి బుడగలై పైకి వచ్చి చిల్లులు పడతాయి గదా? కరిగిన రాతిలోంచి ఆవిరి పైకి వచ్చినప్పుడూ అంతే. ఈ రాతిని బసాల్టు అంటారు.

ఛమరెల్ అనేచోట ఈ రాయే మెత్తని మట్టిగా మారి ఎరుపు, గోధుమ, ఊదా ఇలా ఏడు రంగుల్లో తిన్నెలు తిన్నెలుగా కనబడుతుంది. వానకు రాయి చివికి, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎరుపు రంగులిచ్చింది. ఏడు రంగుల మట్టి మీద గడ్డి కూడా మొలవదు!

మధ్యాహ్నం ఆకలికి ధోల్‌పూరీ కొంటాము. ఉడికిన శనగపప్పు లోపల పెట్టి కాల్చినది. మామ్మ కొరికి చూసి, "బెల్లం వెయ్యడం మరిచిపోయిన బొబ్బట్టు" అని తీర్పు చెబుతుంది. బీహారునుంచి వచ్చిన వంట అది.

సాయంత్రం ఒక పల్లెలో తెలుగువారి కోవెలకు పోదాం. గోడ మీద తెలుగక్షరాలు! చెల్లాయి కూడబలుక్కుని చదువుతుంది. లోపల ఒక ముసలమ్మగారు, ఆమె మనవరాలు ఉన్నారనుకోండి. మామ్మ ఆనందంగా పలకరిస్తుంది. ముసలమ్మగారు నవ్వుతారు, కాని జవాబు చెప్పరు. ఆమె ఇంట్లో మాట్లాడేది క్రియోల్. ఫ్రెంచి మాటలలోంచి పుట్టిన ఆ భాషే ఈ దీవిలో అందరిదీ.

మనవరాలు మాత్రం నెమ్మదిగా, మాటకూ మాటకూ మధ్య ఆగి, తెలుగులో చెబుతుంది: "మా నాయనమ్మకు తెలుగు మాట్లాడడం రాదు. భజన వచ్చు. నేను బడిలో నేర్చుకున్నాను."

ఇక్కడి ప్రాథమిక పాఠశాలలలో కోరుకున్న పిల్లలకు తెలుగు చెబుతారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో పై చదువు ఉన్నది. ఉగాది దేశమంతటికీ సెలవు. రామభజనలో దీపపు స్తంభం చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దీవిలోనే జరిగాయి. తాతముత్తాతల ఊరి పేరు చాలామందికి తెలియదు. వాళ్ళు పాడిన పాట మాత్రం తెలుసు.

ముసలమ్మగారు మామ్మ చెయ్యి పట్టుకుని పాట మొదలుపెడతారు. రెండో చరణం నుంచి మామ్మ అందుకుంటుంది. ఒకరి మాట ఒకరికి రాని ఇద్దరు ముసలివాళ్ళు ఒకే పాట పాడుతూంటే వినాలి మీరు! తిరిగి వస్తున్నప్పుడు మామ్మ చాలాసేపు మాట్లాడదు. చివరకు, "ఇంట్లో మీ ఇద్దరూ రోజూ నాతో తెలుగులోనే మాట్లాడండి" అంటుంది. అంతే.

నాలుగవ రోజు: పాము చుట్ట

ఇవాళ సముద్రస్నానం. పగడపు గట్టు లోపల నీళ్ళు మోకాలి లోతున అద్దంలా ఉంటాయి. కాని ఈ సముద్రం ఎప్పుడూ ఇంత మంచిగా ఉండదు. కోనసీమ పిల్లలకు తుఫాను గురించి చెప్పాలా? 1996 నవంబరు 6 రాత్రి సంగతి మీ అమ్మానాన్నల నడగండి. మారిషస్ వాళ్ళనడిగితే 1960 ఫిబ్రవరిలో వచ్చిన 'కారల్' తుఫాను సంగతి చెబుతారు. రేకులిళ్ళు, గడ్డియిళ్ళు ఎగిరిపోయాయి. తరువాత చాలామంది కాంక్రీటు ఇళ్ళు కట్టుకున్నారు.

తుఫానుకు 'సైక్లోన్' అనే పేరు పెట్టినది హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో ఉంటూ తుఫానులను పరిశోధించిన ఆయన, కోరంగి తుఫానుల గురించి కూడా రాశాడు. 1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే ఓడ తుఫానులో చిక్కి, రోజుల తరబడి గుండ్రంగా తిరిగి, ఇంచుమించు మొదటికే వచ్చింది. గాలి తిన్నగా పోవడంలేదు, పాము చుట్ట చుట్టుకున్నట్లు తిరుగుతున్నదని అందువల్ల రుజువయింది. గ్రీకుభాషలో పాము చుట్టను తలపించే మాటనుంచి ఆయన ఈ పేరు తయారుచేశాడు. ఒక తేడా గమనించండి: మన తుఫాను గడియారపు ముళ్ళకు ఎదురుగా తిరుగుతుంది, మారిషస్ తుఫాను ముళ్ళతోపాటు తిరుగుతుంది. ఇందుకు కారణం భూభ్రమణం.

బయలుదేరేముందు మీరొక చిల్లుల నల్లరాయిని జేబులో వేసుకోబోతారు. నాన్న చూసి, "వద్దు. వచ్చినవాళ్ళంతా తలా ఒకటి తీసుకుపోతే దీవికి ఏం మిగులుతుంది? అక్కడే పెట్టు" అంటారు. మీ ముఖం చిన్నబోతుంది. మంచి రాయి! కోనసీమలో మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

మీ ఇంటి ముందు రాయి

ఇంటికి వచ్చేశాము. దాచుకున్న సంగతి ఇప్పుడు చెబుతాను.

6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట, రాకాసిబల్లులు అంతరించిన కాలంలో, మన దేశం ఇప్పుడున్న చోట లేదు. చాలా దక్షిణాన, భూమధ్యరేఖకు అవతల ఉన్నది. ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ సరిగ్గా ఆ దీపం మీదికి వచ్చింది. అప్పుడు పడమటి భాగాన నేల పగిలి లావా వరదలై పారింది. అదే దక్కను పీఠభూమి నల్లరాయి. తరువాత దేశం ముందుకు సాగిపోయింది. దీపం మీదికి సముద్రపు నేల వచ్చింది. చివరకు ఆఫ్రికా పలక వచ్చింది. దాని మీద పుట్టినవే మారిషస్, రీయూనియన్.

ఆ లావాలో కొంత తూర్పుకు పారి, సుమారు వెయ్యి కిలోమీటర్లు వచ్చింది. అంత దూరం చల్లారకుండా ఎలా వచ్చింది? పాలమీద మీగడ కడితే కింద పాలు వేడిగా ఉంటాయి గదా! లావా పైన గట్టి పెంకు కట్టింది. దానికింద నిప్పుటేరు పారుతూనే ఉన్నది. అది వచ్చి వచ్చి ఎక్కడ ఆగింది? మన రాజమండ్రి దగ్గర! గోదావరికి ఇవతల కాతేరు, అవతల పంగిడి, గౌరీపట్నం ప్రాంతాల్లో ఉన్న నల్లరాతి క్వారీలు ఆ లావావే. ఆ లావా పొరల మధ్య సముద్రపు గవ్వలు, ఆల్చిప్పలు రాళ్ళై కనబడతాయి. అంటే అప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేదన్నమాట. కోనసీమ ఇంకా పుట్టలేదు!

లావా అక్కడితో ఆగలేదు. చమురు సంస్థవారు మన ప్రాంతంలో బావులు తవ్వినప్పుడు వేల అడుగుల లోతున, ఒండ్రుమట్టి, ఇసుక పొరలన్నీ దాటిన తరువాత, అదే నల్లరాయి తగిలింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతిపొరకు పెట్టిన పేరు ఏమిటో తెలుసా? 'రాజోలు'! మీ ఊరి పేరు, మీరు మంచం వేసుకుని పడుకునే నేలకింద ఉన్న రాతికి!

చూశారా! ఏ పొయ్యి మారిషస్‌ను పుట్టించిందో ఆ పొయ్యిరాయే కోనసీమకు పునాది. లావా అక్కడినుంచి మన దేశంతోపాటు ఇక్కడికి వచ్చింది. ఎన్నో కోట్ల ఏళ్ళ తరువాత మనవాళ్ళు ఓడెక్కి ఆ రాళ్ళ దగ్గరకే వెళ్ళారు. వాళ్ళు మోసినవి పరాయి రాళ్ళు అనుకున్నారు కాబోలు.

ఇక వీధిలోకి వెళ్ళి రోడ్డు పక్కన పోసిన నల్లకంకర ఒకటి తీసుకోండి. లారీ నడిపే ఆయనను, "ఇది ఎక్కడిదండీ?" అని అడగండి. గౌరీపట్నం క్వారీదని చెబితే, మీరు దీవిలో వదిలి వచ్చిన రాయికి అక్కగారు మీ చేతిలో ఉన్నట్లే! దీన్ని దాచుకోవడానికి నాన్న అడ్డుచెప్పరు.

చేసి చూడండి

ఒక కొవ్వొత్తి, ఒక పాత పింగాణీ పళ్ళెం తీసుకోండి. అమ్మనో నాన్ననో దగ్గర ఉంచుకునే ఈ పని చెయ్యాలి. కొవ్వొత్తి వెలిగించి కదలకుండా నిలబెట్టండి. పళ్ళేన్ని మంటకు కొంచెం పైన అయిదు లెక్కపెట్టేదాకా పట్టుకోమని పెద్దవాళ్ళతో చెప్పండి. తరువాత రెండంగుళాలు జరిపి మళ్ళీ పట్టుకోమనండి. ఇలా అయిదుసార్లు చెయ్యండి. పళ్ళెం చల్లారాక మసి మచ్చల పక్కన వరసగా పేర్లు రాయండి: దక్కను, మాల్దీవులు, చాగోస్, మారిషస్, రీయూనియన్.

మొదటి మచ్చ అంచున చిన్న అక్షరాలతో మీ ఊరి పేరు రాయడం మరచిపోకండి.